పైలట్‌గా ఏ ఏవియేషన్ మేగజైన్‌కి చందా కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లయింగ్ నేర్చుకుంటున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, కొత్తగా ఎయిర్‌లైన్‌లో చేరిన ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు ఏ దశలో ఉంటే నేరుగా ఆ భాగానికి వెళ్లిపోండి. నేను చూసే కొలత ఒక్కటే: సంచిక చదివాక మరుసటి ఫ్లైట్‌లో నేను చేసే పని ఒక్కటైనా మారాలి. అలా మార్చే పత్రికకే డబ్బు పెడతాను.

## ట్రైనింగ్‌లో చేరకముందు

ఇంటర్ అయిపోయింది, పైలట్ అవ్వాలని ఉంది. ఇప్పుడే మేగజైన్ కట్టాలా?

వద్దు. ఆ డబ్బు ముందు మెడికల్‌కి, అంటే పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్షకి పెట్టండి. క్లాస్ 2 మెడికల్ పాసయ్యాక, వీలైతే కమర్షియల్ లైసెన్స్‌కి కావలసిన క్లాస్ 1 గురించి కూడా తేల్చుకున్నాక మిగతావి ఆలోచించవచ్చు. ఈలోపు ఒక నెల ఉచితంగా దొరికేవి చదవండి. విమానాన్ని చూసి ముచ్చటపడటం వేరు, క్రాస్‌విండ్‌లో (పక్కనుంచి వీచే గాలిలో) ల్యాండింగ్ ఎలా చేయాలో నాలుగు పేజీలు ఓపిగ్గా చదవడం వేరు. రెండోది మీకు ఇష్టంగా అనిపిస్తే అది మంచి సూచన. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ లేకపోతే ముందు ఆ రెండూ పూర్తిచేసే సంగతి చూసుకోండి.

మా అబ్బాయి ట్రైనింగ్‌లో ఉన్నాడు. పుట్టినరోజుకి మేగజైన్ చందా కడితే బావుంటుందా?

బావుంటుంది, కానీ వాడిని అడగకుండా కట్టకండి. షాపులో మెరిసే కవర్‌తో కనిపించేవి చాలావరకు విమానాల అభిమానుల కోసం వచ్చేవి. కట్టేదేదో డిజిటల్ చందా కట్టండి, ఏడాదికి మించి వద్దు. ఫ్లయింగ్ స్కూల్ హాస్టల్ అడ్రస్‌కి ప్రింట్ కాపీ తెప్పిస్తే, సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) పూర్తయ్యేలోపు రూమ్ మారితే అవన్నీ పోతాయి.

ఎయిర్‌లైన్ వార్తలు, ఫొటోలు ఉండే మేగజైన్లు పైలట్‌కి పనికొస్తాయా?

ఏవియేషన్ పత్రికలు మూడు రకాలని మొదట గుర్తుపెట్టుకోండి. ఎయిర్‌లైనర్ వరల్డ్ లాంటివి అభిమానులవి. ఏ ఎయిర్‌లైన్ ఏ విమానం కొన్నది, ఏ రంగు వేసింది అన్న విషయాలు వాటిలో బాగుంటాయి. రెండోది పరిశ్రమ పత్రికలు. బ్రిటన్ నుంచి వచ్చే ఫ్లైట్ ఇంటర్నేషనల్ 1909లో పుట్టింది, అమెరికాలోని ఏవియేషన్ వీక్ 1916లో. తయారీ కంపెనీలు, ఆర్డర్లు, ఇంజిన్లు, రక్షణ ఒప్పందాలు వీటి లోకం. మూడోది నడిపేవాళ్ల కోసం వచ్చేవి. 1927లో మొదలైన ఫ్లయింగ్, అమెరికా పైలట్ల సంఘం తెచ్చే ఏఓపీఏ పైలట్ ఈ రకం. కాక్‌పిట్‌లో మీ చేతికి, మీ నిర్ణయానికి ఉపయోగపడేది మూడో రకమే. మొదటి రెండూ చదవొచ్చు గానీ, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు వాటికి సొంత డబ్బు పెట్టాల్సిన పని లేదు.

పైలట్ల కోసం తెలుగులో మేగజైన్ ఉందా?

క్రమం తప్పకుండా వచ్చేది నా కంట పడలేదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు దీనికి బెంగపడొద్దు. ఎలాగూ లైసెన్స్‌కి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీలో కనీసం లెవెల్ 4 కావాలి. పైలట్లు రాసిన చిన్న చిన్న అనుభవాలను రోజుకొకటి పైకి చదవండి. చదివాక పుస్తకం మూసి అదే సంగతి సొంత ఇంగ్లిష్ మాటల్లో, ఆ తర్వాత తెలుగులో చెప్పుకోండి. తెలుగులో చెప్పలేకపోతే మీకు అర్థం కానట్టే. నేను ఇప్పటికీ కష్టమైన విషయాలను ఇలాగే సరిచూసుకుంటాను.

## స్టూడెంట్ పైలట్‌గా, పరీక్షల సమయంలో

డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలకు మేగజైన్లు పనికొస్తాయా?

మార్కుల కోసమైతే దాదాపు పనికిరావు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో 70 శాతం తెచ్చుకోవాలంటే పుస్తకాలు, ప్రశ్నల ప్రాక్టీసు, గ్రౌండ్ క్లాసులే దారి. రెగ్యులేషన్స్ విషయంలో విదేశీ పత్రికలు హాని కూడా చేస్తాయి, అక్కడి రూల్ మనసులో నాటుకుపోతుంది. మెటియరాలజీకి మాత్రం కొంత సాయం ఉంటుంది. క్యుములోనింబస్ (ఉరుములు మెరుపులు తెచ్చే మేఘం) గురించి పాఠంలో చదివింది ఒకటైతే, దాని పక్కనుంచి వెళ్లి బయటపడినవాళ్లు చెప్పింది ఇంకొకటి. రెండోది చదివినవాళ్లు మొదటిదాన్ని మర్చిపోరు. పరీక్షకు రెండు నెలల ముందు మేగజైన్లు పక్కన పెట్టేయండి.

స్టూడెంట్ ఒక్కటే చదవాలంటే ఏది చదవమంటారు?

కాల్‌బ్యాక్. ఇది నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ అనే భద్రతా రిపోర్టుల వ్యవస్థ నుంచి నెలనెలా వచ్చే చిన్న పత్రిక, పూర్తిగా ఉచితం. ఏఎస్ఆర్ఎస్ 1976లో మొదలైంది. పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్‌లు తాము చేసిన పొరపాట్లను స్వయంగా రాసి పంపుతారు, పేర్లు తీసేసి కొన్నిటిని అచ్చు వేస్తారు. ఒక్కో సంచిక ఒక్కో అంశం మీద ఉంటుంది, పది నిమిషాల్లో చదివేయొచ్చు.

ఇలాంటివి ఎందుకు చదవమంటానో ఒక సంఘటనతో చెబుతాను. ట్రైనింగ్ రోజుల్లో ఒక పాత మేగజైన్లో ఒకాయన రాసింది చదివాను. ఫ్యూయెల్ క్యాప్ సరిగా బిగియకపోతే రెక్క మీద ఒత్తిడి తక్కువగా ఉండటం వల్ల పెట్రోలు గాల్లోనే బయటికి లాగేసుకుపోతుందని, కింద నిలబడి చూస్తే క్యాప్ మామూలుగానే కనిపిస్తుందని. మర్నాడు ఉదయం సెస్నా 172 అనే చిన్న విమానం ప్రీఫ్లైట్‌కి (ఎగిరేముందు చేసే తనిఖీకి) వెళ్లాను. అంతకుముందు వరకు స్టెప్ ఎక్కి, క్యాప్ తీసి, డిప్ స్టిక్‌తో కొలిచి, మళ్లీ పెట్టేసి దిగిపోయేవాణ్ని. ఆ రోజు పెట్టాక అరచేత్తో పట్టుకుని తిప్పి చూశాను. ఎడమవైపు క్యాప్ గాడిలో పడలేదు. వేలితో నొక్కితే ఒక పక్కకి లేచింది. రబ్బరు రింగు ఒకచోట పగిలి ఉంది. ఇంజినీర్‌కి చెబితే మార్చారు, ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఎగిరాం. ఆ రోజు నుంచి ఏ క్యాప్‌నైనా తిప్పి చూడకుండా వదల్లేదు.

అమెరికా మేగజైన్లో రాసేవి మన దగ్గర వర్తిస్తాయా?

విమానం ఎగిరే సూత్రాలు ఎక్కడైనా ఒక్కటే, రూల్స్ వేరు. చదువుతున్నప్పుడు ఈ రెండింటినీ విడదీయడం అలవాటు చేసుకోవాలి.

రూల్స్ సంగతి చూడండి. అక్కడ ఆల్టిమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే పరికరం) సెట్టింగ్ పాదరసపు అంగుళాల్లో చెబుతారు, స్టాండర్డ్ 29.92. మనకు హెక్టోపాస్కల్స్, 1013.25. అక్కడ ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (ఆ స్టాండర్డ్ సెట్టింగ్‌కి మారే ఎత్తు) దేశమంతటా 18,000 అడుగులు, మన దగ్గర అంతకంటే చాలా తక్కువ, ఎయిర్‌పోర్ట్‌ని బట్టి మారుతుంది. విజిబిలిటీ అక్కడ మైళ్లలో, ఇక్కడ మీటర్లలో. అమెరికాలో ప్రైవేట్ పైలట్ రాత్రి వీఎఫ్ఆర్‌లో (బయటికి కళ్లతో చూస్తూ ఎగిరే పద్ధతిలో) ఊరు దాటి వెళ్లడం మామూలే. ఇక్కడ రాత్రి వీఎఫ్ఆర్‌కి ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ప్రత్యేకంగా అనుమతిస్తేనే, అదీ లోకల్, ట్రైనింగ్ ఫ్లైట్లకు. కాబట్టి నైట్ క్రాస్ కంట్రీ చిట్కాలు చదివి ఆనందించండి, ప్లాన్ మాత్రం వేసుకోకండి.

ఇక సూత్రాలు. కొలరాడో కొండల్లో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానానికి ఎత్తు పెరిగినట్టు అనిపించే లెక్క) మీద వ్యాసం కనిపిస్తే మనవాళ్లు పేజీ తిప్పేస్తారు, మనకు కొండలు లేవు కదా అని. బేగంపేట లెక్క వేసి చూడండి. ఎయిర్‌పోర్ట్ ఎత్తు 1,742 అడుగులు. ఆ ఎత్తులో స్టాండర్డ్ టెంపరేచర్ 11.5 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే తేడా 28.5. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,420. మొత్తం 5,160 అడుగులు దాటింది. ఎండాకాలంలో ప్రెషర్ తక్కువగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. అంటే మీ సెస్నా దాదాపు కొలరాడోలోని డెన్వర్ నగరం ఎత్తులో రన్‌వే మీద నిలబడ్డట్టే స్పందిస్తుంది. టేకాఫ్ రోల్ ఎందుకు సాగుతోందో, క్లైంబ్ ఎందుకు రావడం లేదో ఆ కొలరాడో వ్యాసమే మీకు చెబుతుంది.

ఉచితంగా దొరికేవి ఏవి? అవే సరిపోతాయా?

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చేదాకా నిశ్చింతగా సరిపోతాయి. కాల్‌బ్యాక్ కాకుండా అమెరికా ఎఫ్ఏఏ తెచ్చే సేఫ్టీ బ్రీఫింగ్, ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ తెచ్చే ఫ్లైట్ సేఫ్టీ ఆస్ట్రేలియా, బ్రిటన్‌లో పేర్లు బయటపెట్టకుండా రిపోర్టులు తీసుకునే చర్ప్ ప్రచురణలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 1938లో లైటన్ కాలిన్స్ మొదలుపెట్టిన ఎయిర్ ఫ్యాక్ట్స్ అనే పత్రిక మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు వెబ్‌లో నడుస్తోంది. మామూలు పైలట్లు మనసు విప్పి రాసిన అనుభవాలు అందులో చాలా ఉంటాయి. మనకు ఎక్కువ దగ్గరగా అనిపించేది ఆస్ట్రేలియాది. ఎండ, దుమ్ము, దూరదూరంగా ఉండే ఎయిర్‌ఫీల్డ్‌లు, తుపాన్ల కాలం, ఇవన్నీ మన పరిస్థితికి కలుస్తాయి.

చదువుతున్నాను గానీ ఏదీ గుర్తుండట్లేదు. ఎలా చదవాలి?

ప్రమాదం గురించిన వ్యాసమైతే కారణం చెప్పే పేరా రాకముందే ఆపండి. ఆ పైలట్ స్థానంలో మీరుంటే ఆ నిమిషంలో ఏం చేసేవారో ఒక ముక్కలో రాసుకోండి. తర్వాత మిగతాది చదవండి. మీ జవాబుకీ అసలు జరిగినదానికీ మధ్య ఉన్న తేడానే మీరు నేర్చుకున్న పాఠం.

నోట్‌బుక్‌లో మూడు లైన్లు చాలు: ఏం జరిగింది, ఏ చోట ఆగి ఉంటే బయటపడేవారు, రేపు నేను ఏం చేస్తాను. మూడో లైన్ "జాగ్రత్తగా ఉంటాను" అని రాస్తే లాభం లేదు. "వర్షం పడ్డ మర్నాడు రెండు ట్యాంకుల నుంచీ శాంపిల్ తీసి, అడుగున నీళ్లు ఉన్నాయేమో వెలుతురుకి పట్టుకుని చూస్తాను" అని రాయాలి. చేతితో చేసే పనిగా రాసుకుంటేనే అది ప్రీఫ్లైట్ సమయంలో గుర్తొస్తుంది.

## విదేశంలో ట్రైనింగ్ తీసుకుంటున్నవాళ్లు

అమెరికాలో ట్రైనింగ్‌కి వచ్చాను. ఏఓపీఏ మెంబర్‌షిప్ తీసుకోవాలా?

తీసుకోండి. అక్కడున్నంతకాలం డబ్బుకి పూర్తి విలువ ఇచ్చే చందా ఇదే. 1939లో పెట్టిన సంఘం అది. మెంబర్‌షిప్‌తో పాటు పత్రిక వస్తుంది, ఏఓపీఏ పైలట్ లేదా ఫ్లైట్ ట్రైనింగ్ రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. చెక్‌రైడ్ (లైసెన్స్ కోసం ఎగిరి చూపించే పరీక్ష) అయ్యేదాకా ఫ్లైట్ ట్రైనింగ్ తీసుకోండి. స్టాల్స్, రేడియో, చెక్‌రైడ్ టెన్షన్, సరిగ్గా మీరున్న చోటు నుంచే రాస్తారు. కమర్షియల్‌కి వచ్చాక ఏఓపీఏ పైలట్‌కి మారండి, అందులో నెవర్ అగైన్ అనే శీర్షిక కోసమైనా చదవాలి. స్టూడెంట్లకు ట్రయల్ ఆఫర్ ఉందేమో చేరే ముందు అడగండి.

ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) వాళ్ల స్పోర్ట్ ఏవియేషన్ కూడా కావాలా?

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు, పాత విమానాల మీద ప్రాణం పెట్టేవాళ్లకు అది చాలా మంచి పత్రిక. ఓష్‌కోష్‌లో ఏటా జరిగే ఎయిర్‌వెంచర్ ఆ సంఘానిదే. ఎయిర్‌లైన్ ఉద్యోగం లక్ష్యంగా వచ్చి, గంటలు లెక్కపెట్టుకుంటూ ఉన్న స్టూడెంట్‌కి అత్యవసరం కాదు. ఒక సంచిక ఫ్లయింగ్ స్కూల్ లౌంజ్‌లో చదివి చూడండి.

కోర్సు అయ్యాక ఇండియాకి వచ్చేస్తాను. చందాలు కొనసాగించాలా?

ప్రింట్ ఆపేయండి, డిజిటల్ ఒకటి ఉంచుకోండి. వచ్చిన మొదటి ఆరు నెలలు లైసెన్స్ కన్వర్షన్ పరీక్షలతోనే సరిపోతుంది. ఆ సమయంలో మీ తలలో ఉన్న అమెరికా రూల్స్ స్థానంలో మన రూల్స్ కూర్చోవాలి. విదేశీ పత్రికలకు కొన్నాళ్లు దూరంగా ఉండటమే మేలు.

## ఎయిర్‌లైన్ ప్రయత్నాల్లో, చేరాక

ఇంటర్వ్యూ కోసం ఏ మేగజైన్ చదవాలి?

మన దేశపు ఏవియేషన్ గురించి మాట్లాడగలగాలి కాబట్టి ఎస్పీస్ ఏవియేషన్ చూడండి. రక్షణ రంగం మీద ఆసక్తి ఉంటే 1974 నుంచి వస్తున్న వాయు కూడా. గత ఆరు నెలల సంచికలు తిరగేస్తే చాలు, చందా కట్టాల్సిన పని లేదు.

అంతకంటే ముఖ్యంగా రెండు విమాన ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవమంటాను. 2010 మే 22న మంగళూరులో జరిగినది, 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో జరిగినది, ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. రెండూ టేబుల్‌టాప్ రన్‌వేలు, అంటే కొండ మీద బల్లలా ఉండి చివర లోతుగా పడిపోయేవి. రెండుసార్లూ అప్రోచ్ స్టెబిలైజ్ కాలేదు (దిగే వేగం, ఎత్తు అదుపులోకి రాలేదు), రెండుసార్లూ కో-పైలట్ గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేద్దాం) అన్నారు, రెండుసార్లూ ల్యాండింగ్ కొనసాగింది. కోళికోడ్‌లో వర్షం, టెయిల్‌విండ్ (వెనకనుంచి గాలి), కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయకపోవడం కలిశాయి, విమానం రన్‌వేలో దాదాపు సగం దగ్గర నేలను తాకింది. ఫస్ట్ ఆఫీసర్ సీట్లో కూర్చోబోయే మనిషికి ఇంతకంటే దగ్గరి పాఠం ఏ పత్రికలోనూ దొరకదు. రెండూ ఉచితం.

ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) అయింది. ఇప్పుడు ఏది చదవాలి?

ఎయిర్‌బస్ వాళ్లే తెచ్చే సేఫ్టీ ఫస్ట్. ఉచితం, బొమ్మలతో సహా స్పష్టంగా ఉంటుంది. టెయిల్‌స్ట్రైక్ (తోక నేలకు తగలడం), హార్డ్ ల్యాండింగ్, అన్‌రిలయబుల్ స్పీడ్ (వేగం రీడింగ్ నమ్మలేని స్థితి) లాంటి అంశాలు తయారీదారు నోటి నుంచే వినొచ్చు. దానితో పాటు యూరప్ ఎయిర్ ట్రాఫిక్ సంస్థ యూరోకంట్రోల్ తెచ్చే హైండ్‌సైట్ చదవండి. అది పైలట్లనూ కంట్రోలర్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రేడియోలో అవతలి మనిషి ఎందుకలా అన్నాడో అర్థమవడం మొదలవుతుంది.

ఒక్క హెచ్చరిక. పత్రికలో చదివిన పద్ధతి మీ కంపెనీ ఎస్ఓపీకి (నిర్దేశించిన పద్ధతికి), ఎఫ్‌సీఓఎమ్‌కి (విమానం నడిపే మాన్యువల్‌కి) భిన్నంగా ఉంటే కాక్‌పిట్‌లో కంపెనీదే పాటించాలి. సందేహం ఉంటే ఫ్లైట్ అయ్యాక ట్రైనింగ్ కెప్టెన్‌ని అడగండి.

యాక్సిడెంట్ల గురించి చదివితే టెన్షన్ వస్తోంది. మానేయనా?

కొన్నాళ్లు తగ్గించండి, పూర్తిగా మానకండి. ఈ భయం చాలామందికి వస్తుంది, ముఖ్యంగా మొదటి సోలో ముందు, లైన్ ట్రైనింగ్‌లో (ప్రయాణికుల ఫ్లైట్లలో ఇచ్చే శిక్షణలో). రాత్రి పడుకునే ముందు చదవొద్దు. ప్రాణనష్టం జరిగిన రిపోర్టులు పక్కన పెట్టి, పైలట్ క్షేమంగా దిగి తనే రాసిన అనుభవాలతో మొదలుపెట్టండి. వాటిలో తప్పుతో పాటు దాన్నుంచి బయటపడ్డ దారి కూడా ఉంటుంది. ఎగరడానికి వెళ్లే ప్రతిసారీ అదే భయం వెంటాడుతుంటే మీ ఇన్‌స్ట్రక్టర్‌తో నేరుగా మాట్లాడండి. మంచి ఇన్‌స్ట్రక్టర్ దీన్ని చిన్నతనంగా చూడరు.

## డబ్బు, డెలివరీ, మిగతా సందేహాలు

ప్రింట్ తీసుకోవాలా, డిజిటలా?

ఇండియాలో ఉండి విదేశీ పత్రిక తీసుకుంటే డిజిటల్. ఒక ఏడాది నేను ప్రింట్ తెప్పించుకున్నాను. రెండు సంచికలు అసలు రాలేదు, ఒకటి రెండు నెలలు ఆలస్యంగా, వానకి తడిసి పేజీలు అతుక్కుపోయి వచ్చింది. ఉత్తరాలు రాస్తే చందా గడువు పెంచారు గానీ ఆ సంచికలు దొరకలేదు. పోస్టేజీ తీసేస్తే డిజిటల్ చాలా చవక, పాత సంచికల ఆర్కైవ్ కూడా తరచూ దానితోనే వస్తుంది. నాకైతే ఆ ఆర్కైవే అసలు సొత్తు. ఫ్లయింగ్‌లో 1939 నుంచి వస్తున్న ఐ లెర్న్డ్ అబౌట్ ఫ్లయింగ్ ఫ్రమ్ దట్ శీర్షికలో పాతవి, కొత్తవి పక్కపక్కనే పెట్టుకుని చదవండి. విమానాలు మారాయి, మనుషులు చేసే పొరపాట్లు అవే.

చందా కట్టే ముందు ఏం చూసుకోవాలి?

ఏడాదికి ఎన్ని సంచికలో చూడండి. పేరు పాతదే అయినా ఈ మధ్య చాలా పత్రికలు సంచికలు తగ్గించాయి. వందేళ్లకు పైగా వారపత్రికగా వచ్చిన ఫ్లైట్ ఇంటర్నేషనల్ కూడా 2020లో నెలకొకటి అయింది. ఆటో రెన్యువల్ ఉందో లేదో చూసి, గడువుకి వారం ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మొదటి ఏడాది తక్కువ ధర పెట్టి రెండో ఏడాది ఎక్కువ తీసుకోవడం మామూలే.

తక్కువ ఖర్చులో చదవాలంటే?

మాగ్జ్‌టర్ లాంటి యాప్‌లో ఒకే చందాతో చాలా పత్రికలు చదవొచ్చు. మీకు కావలసినవి అందులో ఉన్నాయో లేదో చూసి కట్టండి. అమెరికాలో ఉంటే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి, లిబ్బీ యాప్‌లో మేగజైన్లు ఉచితంగా రావచ్చు. ఇక్కడైతే నలుగురు బ్యాచ్‌మేట్లు తలా ఒక పత్రిక కట్టి, వారానికోసారి కూర్చుని ఎవరు చదివింది వాళ్లు మిగతావాళ్లకు చెప్పండి. చదివినదానికంటే చెప్పినదే ఎక్కువ గుర్తుంటుంది.

హెడ్‌సెట్, ట్యాబ్లెట్ రివ్యూలు నమ్మొచ్చా?

రివ్యూ పక్క పేజీలో అదే కంపెనీ ప్రకటన ఉంటే కొంచెం ఆగి చదవండి. బరువు, బ్యాటరీ గంటలు, వారంటీ లాంటి కొలిచి చెప్పే విషయాలు నమ్మొచ్చు, పొగడ్తలు వదిలేయండి. ప్రకటనలు తీసుకోకుండా పేరు తెచ్చుకున్న ఏవియేషన్ కన్స్యూమర్ పాత సంచికలు దొరికితే వాళ్లు ఎలా పోల్చేవారో చూడండి. హెడ్‌సెట్ మాత్రం ఎవరిదైనా అడిగి పెట్టుకుని, రెండు గంటల ఫ్లైట్ చేశాకే కొనాలి. ఎండలో చెవుల మీద ఎంత బిగుతుగా ఉంటుందో ఏ రివ్యూ చెప్పదు.

చందా ఎప్పుడు ఆపేయాలి?

వరసగా మూడు సంచికలు తెరవకపోతే ఆపేయండి. తెరిచినా నోట్‌బుక్‌లో రాసుకోవలసింది ఏమీ దొరకడం లేదంటే అప్పుడూ ఆపేయండి. పైలట్‌గా మీరు ఎదిగేకొద్దీ పత్రికలు మారడం సహజం. స్టూడెంట్‌గా ప్రాణంగా చదివింది కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్ అవడం) నాటికి మీకు చిన్నదైపోతుంది.

పాత సంచికలు ఏం చేయాలి?

తూకానికి వేయకండి. పైలట్ల అనుభవాలు, ప్రమాద విశ్లేషణల పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, అంశాల వారీగా ఫైల్ చేయండి: ఇంధనం, వాతావరణం, ల్యాండింగ్, రేడియో. ఆ ఫైల్‌ని మీరు నేర్చుకున్న ఫ్లయింగ్ క్లబ్‌లో, స్టూడెంట్లు టర్న్ కోసం వేచి ఉండే గదిలో పెట్టండి. వానాకాలంలో వాతావరణం బాగాలేక గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు తెరుస్తారు. నాకు ఆ ఫ్యూయెల్ క్యాప్ వ్యాసం దొరికింది అలాంటి గదిలోనే, అట్టలేని ఒక పాత సంచికలో.